చరీన్ లోయలో వియ్యాలవారు

“బావగారూ, మీకొక్క మాట చెప్పాలి,” అన్నాడు వియ్యంకుడు, వ్యాను దిగీ దిగకముందే.

ఒరజాలీ మగపెళ్లివాడు; వాళ్ల ఆచారంలో కన్యాశుల్కం ఇచ్చుకోవాల్సింది అతనే. పిల్లనిచ్చేవాళ్లు ‘ఒక్క మాట’ అన్నారంటే దాని వెనక ఎంత పెద్ద కోరిక ఉంటుందో అతనికి తెలియనిది కాదు.

“మాటలకేం, రోజంతా ఉంది! ముందు ఇది తొడుక్కోండి,” అంటూ సంచిలోంచి జరీ కుట్టిన చపాన్ తీసి ఆయన భుజాల మీద కప్పేశాడు. మండుటెండలో ఆ మందపాటి అంగీ కింద వియ్యంకుడు చెమటలు కక్కాడు.

రెండు కుటుంబాలూ కలుసుకోవడం ఇదే మొదలు. కొడుకు ఎర్కిన్, కాబోయే కోడలు మోల్దిర్ చమురు బావుల దగ్గర ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్లకు సెలవు దొరకలేదు. అందుకని పొద్దున ఒరజాలీ భార్యతో పాటు అల్మాటీ స్టేషన్‌కు వెళ్లి, తరాజ్ రైలు దిగిన దంపతులను పేరైనా అడక్కుండా కౌగిలించుకుని, సామానుతో సహా వ్యాను ఎక్కించాడు. ఇంటికి తీసుకెళ్తే తమ రెండు గదులూ చూస్తారు. లోయకు తీసుకొస్తే తమ స్తోమత ఎవరు కొలవగలరు?

దారిలో ఎర్కిన్ ఫోను మీద ఫోను చేశాడు. వియ్యాలవారి ముందు కొడుకుతో సణగడం మర్యాద కాదని ఒరజాలీ ఫోను కట్టేసి పడేశాడు.

లోయలో ఎర్రటి రాతిగోడల మధ్య నడుస్తుంటే వియ్యంకుడు మళ్లీ మొదలుపెట్టాడు. “బావగారూ, నేను చెప్పాలనుకున్నది...”

వియ్యపురాలు ఆయన చేయి పట్టి లాగింది. “ఇప్పుడొద్దు. కాసేపాగండి.”

ఒరజాలీ వెనకబడి భార్య కుల్యాష్ చెవిలో గొణిగాడు. “చూశావా? ఆయన అమాయకుడే. ఆవిడే గడుసు పిండం. ఆపుతూ ఆపుతూ బేరం పెంచుతోంది.”

“అయితే మనమే ముందు ఏదైనా ఇచ్చేద్దామండీ. అడిగించుకుంటే చులకనైపోతాం.”

ఒరజాలీ గొంతు సవరించుకున్నాడు. “బావగారూ, పెళ్లి మీ ఊళ్లోనే చేద్దాం. ఖర్చంతా మాదే!”

వియ్యంకుడు ఉలిక్కిపడ్డాడు. “అయ్యయ్యో, అదేం వద్దు!”

“చాలదంటున్నాడు,” అన్నాడు ఒరజాలీ భార్యతో, నీరసంగా.

ఏటి ఒడ్డున చెట్ల నీడలో గుడ్డ పరిచారు. నూనెలో వేయించిన బౌర్సాకు రొట్టెలు, గుర్రపు మాంసం, తిత్తినిండా పులిసిన గుర్రపు పాలు. కుల్యాష్ తెల్లవారుజామున లేచి ఉడికించిన గొర్రె తలను ఒరజాలీ రెండు చేతులా ఎత్తి వియ్యంకుడి ముందు పెట్టాడు. ఆయన చేతులు వెనక్కి తీసుకున్నాడు.

“ఇది నేను తినకూడదు బావగారూ. ఈ గౌరవం నాది కాదు.”

గొర్రె తల కాదంటే సంబంధం కాదన్నట్టే. ఒరజాలీ వెనకాముందూ చూసుకోకుండా నోరు జారాడు.

“నా గుర్రం ఇచ్చేస్తాను! పందేల గుర్రం. ఇక ఏమీ అనకండి!”

కుల్యాష్ చేతిలో గరిటె గుడ్డ మీద పడింది. ఆ గుర్రాన్ని సొంత తమ్ముడు అడిగితేనే రెండేళ్లు మాట మానేసిన మనిషి!

“గుర్రమెందుకండీ మాకు? మేం ఉండేది మూడో అంతస్తు,” అన్నాడు వియ్యంకుడు ఏడుపు గొంతుతో.

“పట్టుకుని కోసుకు తినండి, మీ ఇష్టం! ముందు ఈ గొర్రె చెవి కోయండి!”

ఆయన ఏదో అనబోయేసరికి ఒరజాలీ మాంసం ముక్క తీసి నోట్లో కుక్కేశాడు. ఆయన కళ్లనీళ్లతో నమిలాడు.

అవతల ఆడవాళ్లిద్దరూ బాగానే కలిసిపోయారు. “మా వాడు మెతక మనిషి. మోల్దిర్‌కి కోపమెక్కువా వదినగారూ?” అని కుల్యాష్ అడిగింది.

వియ్యపురాలు ఏటి వైపు చూపు తిప్పింది. “కోపం కాదు, మొండితనం. చిన్నప్పుడు జడ వేయించుకోవే అంటే వీధంతా పరిగెత్తించేది. నేను దువ్వెన పట్టుకుని వెనకాల...” చెబుతూ చెబుతూ నవ్వింది. “పట్టుకుంటే మాత్రం ఒళ్లోనే నిద్రపోయేది.”

వియ్యంకుడు నమలడం మానేసి భార్య వైపు చూస్తూ ఉండిపోయాడు. పిల్ల లోపాలు బయటపెడుతోందని ఆయనకు కోపం వచ్చినట్టుంది అనుకున్నాడు ఒరజాలీ.

కుల్యాష్ వెండి కమ్మలు తీసింది. “మా అత్తగారివి. మోల్దిర్‌కి మీ చేత్తోనే పెట్టండి వదినగారూ.”

ఆవిడ కమ్మలను అరచేతిలో పెట్టుకుంది. వేలితో నిమిరింది. ఉన్నట్టుండి భోరున ఏడ్చేసింది. కుల్యాష్ ఆవిణ్ణి పొదువుకుని తనూ ఏడ్చింది. ఒరజాలీకి కొండంత బరువు దిగింది. తల్లి ఏడ్చిందంటే పిల్లనిచ్చినట్టే!

పొద్దు వాలే వేళకు పైకెక్కారు. వ్యాను తలుపు తీసి పట్టుకుంటే వియ్యంకుడు ఎక్కలేదు.

“బావగారూ, ఇక చెప్పకపోతే పాపం.”

ఒరజాలీకి ఓపిక చచ్చింది. “గుర్రమిచ్చాను, పెళ్లి ఖర్చిచ్చాను. ఇక నా దగ్గర మిగిలింది ఈ వ్యానే. అడగండి, అదీ ఇస్తాను! ఏమిటండీ ఆ ఒక్క మాట?”

ఆయన భార్య వైపు చూశాడు. ఈసారి ఆవిడ చేయి పట్టి లాగలేదు. పిడికిట్లో ఉన్న కమ్మలను తెచ్చి కుల్యాష్ చేతిలో పెట్టి, తల దించుకుంది.

“చెప్పేయండి. ఒక పూటకు చాలు.”

ఆయన రెండు చేతులూ జోడించాడు.

“మాకు పిల్లలు లేరు, బావగారూ.”