ఆదివారం ఆటగాడు

“ఈ ఇద్దరూ ఒక్కడేనని అమెరికా వాళ్ళకి ఎలా రాయమంటావమ్మా?” అన్నాడు రఘునందన్.

గుడివాడ ఏలూరు రోడ్డులో, మేడ మీదున్న ఆ చిన్న ఆఫీసుకి అతను సూపర్‌వైజరు. నూరేళ్ళ కిందటి అమెరికా బేస్‌బాల్ జట్ల స్కోరు పుస్తకాలు అక్కడికి ఫొటోలుగా వస్తాయి. వాటిలోని పేర్లూ పరుగులూ టైపు చేసి, ఆ ఆట చరిత్ర భద్రపరిచే సంస్థకి పంపడం వీళ్ళ పని. ఉన్నది ఉన్నట్టు కొట్టి పంపితే చాలు, పోయినవాళ్ళ కూపీలు లాగమని ఎవరూ అడగలేదు. కానీ వినీలకి కూపీ లాగందే అన్నం సయించదు.

ఆమె ముందున్నది 1911 నాటి పుస్తకం. జీతానికి ఆడే ఒక చిన్న జట్టుది, రాసింది ఆ జట్టు మేనేజరే. అందులో బెంటన్ అనేవాడు సోమవారం నుంచి శనివారం దాకా ఒక్క ఆట వదల్లేదు, ఆదివారం మాత్రం ఒక్కటీ ఆడలేదు. కోల్ అనేవాడు ఆదివారమైతేనే కనబడతాడు. ఇద్దరిదీ ఎడమచేతి వాటం, ఇద్దరూ మైదానంలో నిలబడే చోటూ ఒకటే. అయినా సంస్థ జాబితాలో ఇన్నేళ్ళుగా వాళ్ళు ఇద్దరు మనుషులుగానే చలామణీ అవుతున్నారు.

మేనేజరన్నాక ఆదివారానికి ఇంకో మనిషిని పెట్టుకోకూడదా అని రఘునందన్ వాదన. తప్పు రాస్తే ప్రాజెక్టే చేజారిపోతుందని అతని భయం.

“జూన్‌లో బెంటన్ వేలు విరిగి మూడు వారాలు ఆడలేదండీ,” అంది వినీల. “ఆ మూడు ఆదివారాలూ కోల్ కూడా రాలేదు.”

రఘునందన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఒక్కో తేదీ మీదా వేలు పెట్టి చూసుకున్నాడు. ఇప్పుడు అతనికీ ఆత్రం పుట్టింది. ఒక్క మనిషికి రెండు పేర్లెందుకని అడిగాడు.

“ఇంట్లో ఆదివారం ఆట కూడదని ఉంటుందండీ. పేపర్లో పేరు పడితే వాళ్ళ నాన్నకి తెలిసిపోతుందిగా.”

అంత గట్టిగా ఎలా చెప్పగలవని అతను అడగలేదు. అడిగినా ఆమె చెప్పేది కాదు. చెప్పాలంటే తన గుట్టే విప్పాలి. వినీల తండ్రి అబ్రహాము నందివాడ దగ్గర వాళ్ళ ఊరి చర్చిలో సంఘ పెద్ద, ఆదివారం నాడు పొలంలో గడ్డిపరక కూడా కదపని మనిషి. గుడివాడ చర్చికి ఆరాధనకని ఇంట్లో చెప్పి, ఏడాదిగా ఆమె ప్రతి ఆదివారం తిన్నగా వచ్చి ఈ మెట్లెక్కుతోంది. ఆదివారం రానివాళ్ళకి ఈ ప్రాజెక్టులో చోటు లేదు, ఈ పుస్తకాలు వదులుకోవడం ఆమె వల్ల కాదు. తెలిస్తే నాన్న కొట్టడు, తిట్టడు. మాట్లాడటం మానేస్తాడు.

చివరికి రఘునందన్ ధైర్యం చేసి మెయిల్ పంపాడు. మూడో ఆదివారానికి జవాబు వచ్చింది. సంస్థవాళ్ళు బెంటన్ మనవరాలిని వెతికి పట్టుకున్నారు. బెంటన్ ఒక పాస్టరు గారి అబ్బాయట. ఇంట్లో పాత పెట్టె తీస్తే కోల్ పేరుతో రాసుకున్న ఒప్పంద కాగితం దొరికిందట, కింద మేనేజరు సంతకంతో సహా.

కనిపెట్టిన అమ్మాయి పేరు తమ సైటులో వేస్తారట, ఫొటో కూడా పంపమన్నారట. రఘునందన్ మొహం చేటంత అయింది. వినీల గబగబా తల అడ్డంగా ఊపింది.

“ఫొటో వద్దండీ. పేరు కూడా నాది కాదు, ప్రియ అని వెయ్యండి.”

ప్రియ ఎవరని అడగబోయి అతను ఆగాడు. గోడ మీది క్యాలెండరు వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూశాడు. ప్రియ అని టైపు చేశాడు.

“వాళ్ళ నాన్న సంగతి ఏమైనా రాశారా అండీ?” అంది వినీల. మూడు వారాలుగా ఆమెని తొలిచేస్తున్నది ఆ ఒక్క ప్రశ్నే.

“చివరిదాకా తెలియదట పాపం. ఆదివారం పూట కొడుకు పక్క ఊరి చర్చికి వెళ్తున్నాడనే అనుకునేవాట్ట.”

వినీల ప్రాణం కుదుటపడింది. వెంటనే, ఎవరో తెలియని ఆ పెద్దాయన మీద జాలి కూడా కలిగింది. ఏమైతేనేం, తెలియకుండా నెట్టుకురావచ్చన్నమాట.

ఒంటిగంటకి బస్టాండుకి వచ్చి సుచిత్రకి ఫోన్ చేసింది. సుచిత్ర ఆమె చిన్ననాటి స్నేహితురాలు, గుడివాడలోనే ఒక ఆస్పత్రిలో నర్సు. వినీల వెళ్తున్నానని చెప్పే చర్చికి నిజంగా వెళ్ళేది ఆమేనని వినీల లెక్క. ఇంట్లో అడుగు పెట్టగానే ఈ రోజు వాక్యం ఏం చెప్పారని అబ్రహాము అడుగుతాడు. ఏ అధ్యాయం, ఏ వచనం, మధ్యలో పాస్టరు గారు ఏ పిట్టకథ చెప్పారు, అంతా ప్రతి ఆదివారం పన్నెండింటికల్లా సుచిత్ర దగ్గర్నుంచి మెసేజ్ వచ్చేస్తుంది. ఈ రోజు ఇంకా రాలేదు.

చాలాసేపు మోగాక సుచిత్ర ఫోన్ ఎత్తింది. రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్నట్టుంది, గొంతు నిద్రమత్తులో ఉంది.

“బస్సు వచ్చేస్తోందే. ఇవాళ్టి వాక్యం త్వరగా చెప్పు,” అంది వినీల.

“కాసేపు ఆగవే,” అంది సుచిత్ర ఆవలిస్తూ. “ఇవాళ్టిది మీ నాన్నగారు నాకింకా పంపలేదు.”