నిండు సూది

చాన్నాళ్ళకి తమ్ముడింటికొచ్చిన అక్కకి, వాణ్ణి చూడగానే గుండె గుభేలుమంది. చొక్కా లోపల మనిషి లేడు!

"ఏంట్రా, ఇలా చిక్కి శల్యమైపోయావు?"

"నడుస్తున్నానక్కా. నీ మరదలు పొద్దునా సాయంత్రం తరిమి తరిమి నడిపిస్తోంది," అని నవ్వాడు.

తల్లి పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది అక్కే. గడియారాల రిపేరు నేర్చుకుని, కొట్లో కూర్చుని కూర్చుని షుగరు తెచ్చుకున్నాడు. రెండుపూటలా ఇన్సులిన్ సూది పడాల్సిందే. అలాంటివాణ్ణి చెమటలు కక్కేలా వీధుల వెంట తిప్పుతుందా? అక్కకి అక్కడే అనుమానం మొలిచింది.

మర్నాడు ఉతకడానికి వాడి చొక్కా తీస్తే జేబులో పంచదార బిళ్ళలు.

"ఇవెక్కడివిరా?"

"అదే పెడుతుందక్కా, దారిలో ఉంటాయని."

షుగరు మనిషికి పంచదారా! అక్క వాటిని చెత్తబుట్టలో గిరాటేసింది. ఇక కళ్ళల్లో వత్తులేసుకుని మరదల్ని కనిపెట్టసాగింది.

ఆ సాయంత్రమే దొరికిపోయింది. మరదలు సిరంజిలోకి మందు నిండుగా లాగి మొగుడికి చూపించింది.

"ఒక్క చుక్క తగ్గకూడదు సుమా!" అంటూ వాడు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. సూదంటే వాడికి చచ్చేంత భయం.

మరదలు దూది కోసమని వంటింట్లోకి వెళ్ళింది. సింకు దగ్గర నిలబడి, సగం మందు పారబోసింది.

తలుపు చాటునుంచి అక్క అంతా చూసింది. అంటే, వీణ్ణి కొంచెం కొంచెంగా చంపుతోందన్నమాట! అడిగితే ఏడ్చి గోల చేస్తుంది. వాడేమో పెళ్ళాం మాట దాటడు. అక్క అదను కోసం కాచుకుంది.

ఆ వారంలోనే మరదలి తల్లికి ఒంట్లో బాగాలేదని ఫోనొచ్చింది. సంచి భుజానేసుకుని గుమ్మంలో తటపటాయించింది.

"వదినా, సూది సంగతి..." అని భర్తవైపు చూసి ఆగిపోయింది.

"నాకూ వచ్చులేమ్మా సూది వెయ్యడం. ఇక వాడి సంగతి నాకొదిలెయ్."

మరదలు వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్ళిపోయింది.

సాయంత్రం తమ్ముడు హుషారుగా రెట్టింపు దూరం నడిచొచ్చాడు. అక్క తన చేత్తో సూది వేసింది. నిండుగా.

"రా, అన్నం తిందువుగాని."

"కాసేపు నడుం వాలుస్తానక్కా. ఒళ్ళు తూలుతోంది."

పోనీలే, అలిసిపోయాడు అనుకుంది. ఫోను మోగింది. మరదలు! అక్క ఎత్తలేదు. మళ్ళీ మోగింది. మోగనీ!

తమ్ముడి చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. ఉక్కపోత కాబోలని ఫ్యాను పెంచింది. వాడేదో గొణిగాడు. మాట ముద్దముద్దగా వచ్చింది. తర్వాత అదీ లేదు. ముడుచుకుని పడుకున్న తమ్ముడి తల నిమురుతూ, ఎన్నాళ్ళకి వీడికి మందు పూర్తిగా పడిందోనని అక్క మురిసిపోయింది.

ఫోను ఇంకా మోగుతూనే ఉంది. ఇక కడిగిపారేద్దామని ఎత్తింది.

"వదినా, ఆయన పక్కనుంటే చెప్పలేకపోయాను, నడక మొదలెట్టాక ఒంటికి ఆ మందు సగమే చాలని, నిండుగా వేస్తే షుగరు పడిపోయి ప్రాణం మీదికొస్తుందని డాక్టరు మొత్తుకున్నా ఈయన వినకపోతే నేనే చాటుగా సగం పారబోసి వేస్తున్నాను, మీరూ సగమే వెయ్యండి!"