మడుగు ఒడ్డు మందు

ఆ ఏడు వేసవిలో అడవినంతా పొడిదగ్గు పట్టుకుంది. రాళ్ళగుట్ట మీద ఉండే కొండముచ్చులకైతే మరీ ఎక్కువ. మడుగులో ఉండే తాబేలే అడవికంతటికీ వైద్యుడు. అది కొత్తగా ఒక పసరు తీసి, ముందు కొందరికి పట్టి చూడాలనుకుంది.

సంగతి తెలిసి ఒక తల్లి కొండముచ్చు దగ్గుతున్న బిడ్డను ఎత్తుకుని గుట్ట దిగి వచ్చింది.

"తాతా, మావాళ్ళలోనూ కొందరికి పట్టి చూడు."

"రోజూ చూసుకోవాలి కదమ్మా. నేను గుట్టెక్కలేను, మీరు రోజూ దిగలేరు. ఇక్కడి కుందేళ్ళూ జింకలూ చాలు. దగ్గు ఎవరిదైనా దగ్గే. పనిచేస్తే మీకూ పంపిస్తాలే," అంది తాబేలు.

పసరు బాగా పనిచేసింది. మింగగానే గొంతు మండేది గానీ, మడుగు పక్కనే ఉందాయె. కుందేళ్ళూ జింకలూ కడుపునిండా నీళ్ళు తాగి మంట సంగతే మరిచిపోయేవి. తాబేలుతో ఆ మాట ఎవరూ అనలేదు.

తాబేలు మాట తప్పలేదు. కాకులతో గుట్టకు మందు పంపింది. అక్కడ ఊటలన్నీ ఎండిపోయి ఉన్నాయి. తల్లి తన చేత్తోనే బిడ్డకు పసరు పట్టింది. బిడ్డ మంటకు తాళలేక నీళ్ళ కోసం గిలగిల్లాడింది. తల్లి దాన్ని ఎత్తుకుని మడుగు వైపు పరుగు తీసింది. సగం దారిలోనే బిడ్డ ఒళ్ళు చల్లబడింది. అయినా తల్లి ఆగలేదు. తెచ్చి తాబేలు ముందు పడుకోబెట్టింది.

"అందరికీ నయమైందే!" అంది తాబేలు తెల్లబోయి.

"అందరూ అంటే ఎవరు తాతా?"

తాబేలు గుట్ట వైపు తిరిగింది. తల ఎత్తి చూసింది. గుట్ట మీద కాకులు ఇంకా మందు పంచుతూనే ఉన్నాయి.