ఏ బాసలో పిలవాలి?

"ఒరేయ్ ప్రశాంతూ! పిలిస్తే పలకవేట్రా? అంత పొగరేట్రా?"

ఉమాశంకర్ గొంతు చించుకున్నాడు. రైల్వే వర్క్‌షాప్ మోతలో అరిచి అరిచి అలవాటైన గొంతేమో, మలంచా రోడ్డు దాకా వినిపించి ఉంటుంది. టీవీ ముందు కూచున్న ఐదేళ్ల కొడుకు మాత్రం తలైనా తిప్పలేదు.

"పొగరు కాదురా," అంది అతని తల్లి జోగమ్మ. "బళ్లో బెంగాలీ, ఈదిలో హిందీ, ఇంట్లో మన బాస. ఏ బాసకి పలకాలో తెలక ఆడి బుర్ర తిరిగిపోనాది."

నిజమేనేమో! ఈ బెంగాలీ రైల్వే ఊళ్లో పెద్దవాళ్లకే ఒక్కోసారి ఎవర్ని ఏ భాషలో తిట్టాలో తోచదు. ఉమాశంకర్ "ఆవో" అన్నాడు. "ఎషో" అన్నాడు. "రారా నా తండ్రీ" అన్నాడు. ఉహూఁ.

"అయితే రేపట్నించి ఇంట్లో హిందీ ఒకటే," అని తేల్చేశాడు.

"మరి నా మనవడితో నానేటి మాటాడాలిరా?" జోగమ్మకి ఏడుపొచ్చేసింది.

"ఉండండత్తా," అంది కోడలు మౌనిక. "ఏవండీ, జలుబు తగ్గిన దగ్గర్నించీ వీడు టీవీ సౌండు తెగ పెంచుతున్నాడు. చెవి కూడా లాక్కుంటున్నాడు. ఓసారి డాక్టరుకి చూపిద్దాం."

"పలక్కపోతే డాక్టరేటి సేత్తాడే?" అంటూనే ఆటో పిలిచాడు. అందరూ ఎక్కారు.

ఇందా పేటలో పిల్లల డాక్టరమ్మ ప్రశాంత్ వెనక్కి వెళ్లి మెల్లగా పిలిచింది. వాడు తిరగలేదు. లైటు పెట్టి రెండు చెవుల్లోకీ చూసింది.

"భాష గొడవ కాదు దాదా," అంది హిందీలో. "జలుబు పోయినా చెవి లోపల నీరు నిలిచిపోయింది. పిల్లలకి మామూలే. మాటలు సరిగ్గా వినపడవు. చాలామందికి దానంతటదే తగ్గుతుంది, కానీ తగ్గేదాకా నాకు చూపిస్తూ ఉండండి. ఎదురుగా కూచుని మాట్లాడండి. చెవిలో నూనెలూ గీనెలూ పొయ్యకండి."

జోగమ్మ చేతిలోని నూనె సీసాని గబుక్కున కొంగులో దాచేసింది.

ఉమాశంకర్‌ కొడుకు దగ్గరికి జరిగాడు. పసివాణ్ణి ఎన్ని మాటలన్నాడు! ఒళ్లోకి తీసుకుని చెవి దగ్గర నోరు పెట్టాడు. "ఇనపడకపోతే మాకు సెప్పాల గదరా, అయ్యా?"

ప్రశాంత్ బిక్కమొహం వేశాడు.

"నాకు బాగానే ఇనపడతాది నాన్నా. మీరే అందరూ నా మీద కోపమొచ్చి మాటలు మానీసినారు."