ఇరవైకి ఇరవై

"చెంచమ్మా, ఏ నంబరు చేప ఎటు వైపుదో నీకు గుర్తుందా?" ఫోనులో గొంతు తగ్గించి అడిగాడు సాంబశివరావు సారు.

గుర్తులేకేం! బాపట్ల అని రాసిన పెట్టెలో పది, రేపల్లె అని రాసిన పెట్టెలో పది కానాగంత చేపలు తెచ్చింది తనే. మత్స్యశాఖ అధికారిణి రాజ్యలక్ష్మి వాటికి నంబర్లు కడుతుంటే ఒక్కొక్కటీ అందించిందీ తనే. ఏ నంబరు ఏ పెట్టెదో రాసిన జాబితాను సారు చూడకుండా కవరులో పెట్టి సీలు వేశారు.

తెనాలిలో సారుకు ల్యాబుంది. చేప కాలేయం నూరి, జెల్లులో కరెంటు పెడితే ఎంజైములు గీతలుగా కనబడతాయట. బాపట్ల వైపు చేపకో గీత, రేపల్లె వైపు చేపకో గీతట. ఆ గీతలు చూసే ఆరు నెలల కిందట రిపోర్టు రాశాడు, రేపల్లె వైపు జాలరి పేరయ్య బాపట్ల వాళ్ళ నీళ్ళలో దొంగతనంగా వేటాడాడని. బాపట్ల వాళ్ళు అతని పడవను తమ ఒడ్డున కట్టేసుకున్నారు. ఎండకు చెక్కలు విచ్చుకున్నాయి. పేరయ్య ఇప్పుడు పరాయి పడవ మీద కూలికి వల లాగుతున్నాడు.

పేరయ్య చెంచమ్మ మొగుడు. మూడేళ్ళుగా చేపలు తెచ్చిస్తున్నా, నువ్వెవరి భార్యవని సారు ఏనాడూ అడగలేదు. ఆరు నెలలుగా ఆమె కడుపు రగిలిపోతూనే ఉంది.

"గీతలు చూస్తే తెలిసిపోద్దిగా సార్?"

"తెలుస్తుందిలే. ఊరికే, సరిచూసుకోవడానికి."

నంబర్లన్నీ చెప్పింది. ఒక్కటీ తప్పు చెప్పలేదు.

మూడో రోజు బాపట్లలో విచారణ. సారు చెప్పేది కవరులోని జాబితాతో సరిపోతే రిపోర్టు నిలుస్తుంది. పడవ ఇక రాదు. గుమ్మం బయట పేరయ్య, అతనితో కూలికి వెళ్ళే ఆరుగురు కూర్చున్నారు.

సారు గీతల ఫొటోలు చూపిస్తూ ఒక్కో నంబరు ఎటు వైపుదో చెప్పాడు. రాజ్యలక్ష్మి కవరు చింపి సరిచూసింది. ఇరవైకి ఇరవై! బాపట్ల వాళ్ళు చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా కొట్టింది చెంచమ్మే.

"గీతలు అబద్ధం చెప్పవు మేడమ్," అన్నాడు సారు మీసం దువ్వుకుంటూ.

రాజ్యలక్ష్మి కాగితం ముందుకు జరిపింది. "చేపలు తెచ్చింది నువ్వేగా అమ్మా? ఇక్కడ సంతకం పెట్టు."

చెంచమ్మ పెన్ను అందుకోలేదు. సారు కళ్ళలోకి సూటిగా చూసింది.

"తెచ్చింది నేనేనండి, లాగింది బయట కూర్చున్నోళ్ళండి, ఇరవైకి ఇరవై చేపలూ రేపల్లె వైపు ఒక్క వలకే పడ్డయ్యండి."