మే నెల కొలత

కుందూ ఏట్లో ఒక్క కర్రతో ఇసుక దొంగను పరుగెత్తించిన మొనగాణ్ని నేను. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా ఎవరినైనా అడగండి.

సరే, కర్ర నాది కాదు. మా ఊరి దేవమ్మది. ఆమె ముందు నడిచింది, నేను వెనక అరిచాను.

పోయిన మే నెల. ఏట్లో మడమ తడవనన్ని నీళ్లు. గళ్ల లుంగీ కట్టిన ముసలాయన ఎవరో, గీతలు గీసిన కట్టెలు ఆ నీళ్లలో నాటుతున్నాడు.

“ఏందప్పా, ఏం చేస్తాండావ్?” అంది దేవమ్మ.

“నీళ్లు కొలుస్తాండానమ్మా.”

“పిల్లి తాగితే అయిపోయే నీళ్లు. కొలిచేదేముంది? ఇసుక కోసం గదా వచ్చినావ్?”

“ఇసుక గాదమ్మా...”

“పోయినేడాది వచ్చినోడూ అదే చెప్పినాడు. పది రోజులకు లారీలు దిగినాయి!”

ఆయన మళ్లీ నోరు తెరిచేలోగా ఊరంతా దిగింది. కట్టెలన్నీ పీకేశాం. ఆయన పరుగో పరుగు!

ఆగస్టులో మా బడి ముందు షామియానా వేశారు. ఎగువనున్న రంగుల ఫ్యాక్టరీ ఏట్లోకి ఎంత మురికి వదలొచ్చో హద్దు పెట్టే సభ.

“ఏట్లో నడుము లోతు నీళ్లున్నాయి. ఈ మాత్రం కలిస్తే ఏం కాదు,” అన్నాడు కంపెనీ ఇంజనీరు శ్యాంసుందర్.

దేవమ్మ లేచింది. “వానల్లో కొలిచి చెప్తాండావా? మే నెల్లో నా మడమ గూడా తడవలేదు!”

“మడమ లెక్క రాసుకోలేనమ్మా,” అన్నారు అధికారి కరుణ. “ఏరు బక్కచిక్కినప్పటి కొలత ఉంటేనే హద్దు తగ్గించగలను. అందుకే నూర్ మహమ్మద్ గారిని పంపాను. ఎవరో కట్టెలు పీకి తరిమేశారట.”



దేవమ్మ ఇంటికి పోయింది. బర్రెను కట్టేస్తున్న గీతల కట్టెను పలుపుతో సహా తెచ్చి బల్ల మీద పెట్టింది.

“తరిమింది మేమే. కేసు పెట్టుకో మేడం. హద్దు మాత్రం ఇప్పుడు రాయొద్దు. మే నెల రానీ, మేమే నాటి కొలుస్తాం. కాదని రాస్తివా, ఈ షామియానా గుంజలు గూడా ఉండవు. పీకడం మాకు బాగా వచ్చు!”

కరుణ కలానికి మూత పెట్టారు.

ఈ మే నెలలో కట్టెకొకరం కాపలా కూర్చున్నాం. నూర్ మహమ్మద్ గారిని రమ్మని కబురు పంపితే, రంజాన్‌కు ముందే చనిపోయారని తిరుగు కబురు వచ్చింది.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే, ఆయన పరుగెత్తాడన్నది.

ఆయన కదల్లేదు, “నన్ను కొట్టండప్పా, కట్టెలు మాత్రం నెలాఖరు దాకా ఉండనీండి,” అని ఆ కాసిని నీళ్లలోనే నిలబడి చేతులు జోడించాడు.