రెండో కెమెరా

టెలిగ్రాం చదవగానే రాజనర్సు వాకిట్లోనే వసంత చెయ్యి పట్టుకొని గిర్రున తిప్పాడు. హైదరాబాదు టీవీ కేంద్రంలో శిక్షణకు ఎంపికయ్యాడు. సోమవారం చేరాలి.

"ఊకోండ్రి, మామ చూస్తున్నడు," అంది వసంత. అంటూనే తనే ఇంకో చుట్టు తిరిగింది. పెళ్లయి నెల కాలేదు మరి.

"మూడు కెమెరాలు ఒక్కపారే నడిపించుడు నేర్పిస్తరట. ఇంటికాడ జర్ర అలవాటు చేసుకుంట," అన్నాడు రాజనర్సు. పెళ్లి చీరల డబ్బాలు దించి, మూతల నడుమ కత్తెరతో కిటికీలు కోశాడు. అవే కెమెరాలు. ఇంకెవరైనా కోసి ఉంటే వసంత ఊరుకునేది కాదు.

వసారాలో ఎదురెదురుగా రెండు పీటలు వేశాడు. వసంత ప్రశ్నలడగాలి. అత్త హన్మవ్వ పసుపు ఉడకబెట్టడం గురించి చెప్పాలి. వసంత వెనక మామ ముత్తన్న, ఒకటో కెమెరా. మూడోదానికి మనిషి దొరకలేదు. మూతను పక్కనున్న కుర్చీకి ఆనించాడు.

అత్త వెనక ఇంకో పీట మీద, రెండో కెమెరాకు, పక్కింటి గంగమణి వచ్చి కూర్చుంది. వరసకు మరదలు. రెండు జడలు, నవ్వితే బుగ్గన సొట్ట. చేతిలో వసంత పట్టుచీర డబ్బా మూత.

రాజనర్సు ఒక్కో మూతలోంచి చూసి సర్దాడు. తండ్రి దగ్గర క్షణమే. గంగమణి పక్కన మాత్రం వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ముసిముసిగా నవ్వాడు కూడా.

"గిట్లనే పట్టుకో గంగమణీ. జర్ర గూడ కదలకు."

వసంత పైట బిగించుకుంది.

"డైరెక్టరు వేరే గదిల ఉంటడు. ఏ నంబరంటే ఆ కెమెరా పట్టిన బొమ్మ టీవీల పడ్తది," అని చెప్పి రాజనర్సు లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. "షురూ. రెండు."

"పసుపు ఉడికిందని ఎట్ల తెలుస్తదత్తమ్మా?" అని అడిగింది వసంత.

"పుల్ల గుచ్చి సూడాలె. మెత్తగ దిగితే ఉడికినట్టు."

"రెండు," అంది లోపలి గొంతు. "రెండు, ఇంకింత దగ్గరికి. శబాష్."

గంగమణి కిసుక్కున నవ్వింది. అత్త భుజం మీదుగా ఆ సొట్ట వసంతకు సూటిగా కనిపిస్తోంది.

"నేను గింత సెప్తున్న, నా మొకం టీవీల పడ్తున్నదారా?" అంది హన్మవ్వ.

"పడ్తది తీయవ్వా, నువ్వు చెప్పు. రెండు."

"నన్ను ఒక్కపారి గూడ పిలువకపాయె," అన్నాడు ముత్తన్న. "నా మూత పన్జేస్తలేదా?"

"ఆగు బాపూ. రెండు, అట్లనే ఉండు."

"బావా, చేతులు గుంజుతున్నయి," అంది గంగమణి గారంగా.

వసంత లేచి నిలబడింది. "అత్తమ్మా, నాకు తల నొస్తున్నది."

అత్తా మామా చాయ్‌కి లోపలికి పోయారు. "రేపొస్త బావా," అని మూతను పీట పక్కన పెట్టి గంగమణి వెళ్లిపోయింది. రాజనర్సు బయటికొచ్చాడు.

"ఏమైంది వసంతా?"

"రెండు తప్ప మీకు వేరే లెక్క రాదా? ఇంట్ల నా ముంగటనే గిట్లుంటే, హైదరాబాదుల ఎట్లుంటరో. రేపు ఆమె రావద్దు. రెండు నేనే పట్టుకుంట."

"నువ్వు పట్టుకుంటే ఎట్ల?"

"ఏం, నాకు చేతుల్లేవా?"

రాజనర్సు తల గోక్కున్నాడు. "ఉన్నయి. ఒకపారి కూసొని చూడు."

వసంత విసురుగా గంగమణి పీట మీద కూర్చుంది. మూత ఎత్తి, కన్ను దగ్గర పెట్టుకుంది.

కిటికీలో అత్త పీట లేదు, మామ ఉన్న చోటూ లేదు. నాలుగు అంచులకూ సరిగ్గా సరిపోయి, తను ఇంతసేపు కూర్చున్న పీట ఒక్కటే ఉంది. ఖాళీగా.

ఆమె మూత దించలేదు. దించితే మొహం కనిపిస్తుంది.

"సరే తియ్యి," అన్నాడు రాజనర్సు. "గంగమణిని రావద్దని చెప్పొస్త."

"ఆగుండ్రి," అంది మూత వెనక నుంచి. "రేపు గూడ ఆమెనే రమ్మనుండ్రి. నేను గీ డబ్బాల పట్టుచీర కట్టుకొని కూసుంట."